కొసరు

తుర్కు రేవులో రాత్రి ఎనిమిదీ యాభై అయిదుకి
లంగరెత్తుతుంది మా ఓడ.
ఏడో డెక్కులో పన్నెండు జూదం మిషన్లు.
వాటి అద్దాలు తుడిచేది ఇర్యా,
వాటి కింద తివాచీ ఊడ్చేది నేను.

పద్నాలుగేళ్ళలో ఒక్క నాణెం వెయ్యలేదామె.
"ఎవడెంత పోగొట్టుకున్నాడో
అద్దం మీద వేలిముద్రలే చెబుతాయి" అనేది
వెనిగర్ నీళ్ళలో గుడ్డ పిండుతూ.

సెప్టెంబరులో ఆమె ఫోను మోగింది.
"స్వాగతం ఇర్యా!
మీరు నలభై యూరోలు వెయ్యండి
మేం ఇంకో నలభై వేస్తాం."

మా పార్ను చేపల బజారులో
కొసరుకి ఒక మర్యాద ఉంది.
తూకం అయ్యాక, డబ్బు చేతులు మారాక
సంచీ మూతి ముడిచే ముందు
పిడికెడు అదనంగా పడుతుంది.
అక్కడికి బేరం తెగినట్టు.
ఇక వెళ్ళిరా అన్నట్టు.

వీళ్ళు తూకానికి ముందే వేశారు.

మొదటి వారానికే మూడొందల పద్దెనిమిది!
కారుకి చలికాలపు టైర్లు నాలుగూ వచ్చేస్తాయంది,
మంచులో దిగబడే మేకులున్నవి.
డబ్బు తీసుకునే మీట మాత్రం
బూడిదరంగులో ఉంది.
ఎంత నొక్కినా ఉలకదు.
కింద, చీమ తలకాయంత అక్షరాల్లో,
మేమిచ్చిన నలభైని
ముప్పై అయిదు సార్లు తిప్పాలి అని ఉంది.

దుప్పట్ల గదిలో సబ్బుపెట్టె అట్ట మీద
నేనే లెక్క కట్టాను.
పద్నాలుగు వందలు.
"నా సొమ్మే కదా, విడిపించుకుంటాను" అంది.
విడిపించుకుంటానంది.
తాకట్టు పెట్టినట్టు గుర్తే లేదు ఆమెకి.

అప్పట్నుంచీ
టీ విరామంలో, లిఫ్టులో, మరుగుదొడ్డి తలుపు వెనక,
ఓలాండ్ దీవుల దగ్గర ఓడ ఆగిన ఆ కాసేపట్లో
ఆమె బొటనవేలు ఆగేది కాదు.
తెర పైన ఒక పచ్చగీత ఉండేది.
ముప్పై ఎనిమిది శాతం. అరవై రెండు.
గెలిచావా ఓడావా అని అడగడం మానేశాను
గీత ఎందాకా వచ్చింది అనడిగేదాన్ని.
ఓడ ఊగుతుంటే
ఆమె గోడకి చేరబడి చెప్పేది, డెబ్బై ఒకటి.

నాకూ కుతూహలంగానే ఉండేది. అబద్ధమెందుకు.

పంతొమ్మిదో రోజు గీత నిండింది.
మీటకి రంగొచ్చింది.
ఖాతాలో మిగిలింది
ఒక యూరో పదిహేను సెంట్లు.

ఇద్దరం నవ్వాం.
పక్క గదిలో స్వీడిష్ ముసలాయన గోడ తట్టేదాకా నవ్వాం.

కానీ కనీసం ఇరవై ఉంటే తప్ప
బయటికి పంపరట.
ఆ యూరో పదిహేనుని బయటికి లాగడానికి
ఇర్యా ఇంకో ఇరవై వేసింది.
ఇరవైకి ఇరవై
మళ్ళీ కొసరు పడింది.
మీట మళ్ళీ బూడిదయింది.

నవంబరులో మొదటి మంచు.
ఆమె కారు వానాకాలపు టైర్లతో
రేవు పార్కింగులోనే ఉండిపోయింది.
ఇద్దరం బస్సుకి నడిచాం,
పాదం పాదం చూసుకుంటూ.

మానెయ్యరాదూ అన్నాను.
చాలాసేపు పలకలేదు.
బస్సు లైట్లు మలుపు తిరిగాక అంది:
"ఈ ఓడలో నన్ను 'ఆరో డెక్కు' అంటారు.
ఆరో డెక్కుని పిలు, ఆరో డెక్కుకి తువ్వాళ్ళివ్వు.
రెండు రోజులు ఆడకపోతే వాళ్ళు రాస్తారు,
ఇర్యా, ఎక్కడున్నావు, అని."

దానికి నా దగ్గర జవాబు లేదు.
టికెట్లు రెండూ నేనే కొన్నాను.

ఆ రాత్రి నా ఫోనుకి ఒక లింకొచ్చింది, ఆమె దగ్గర్నుంచే.
నేను చేరితే ఆమెకి పదిహేను
నాకు పదిహేను.
కింద తన మాట ఒకటి, అచ్చుతప్పుతో:
"ఏం వెయ్యక్కర్లేదు నువు, పేరు ఇస్తే చాలు."

ఇవాళ అద్దాలు కూడా నేనే తుడిచాను,
ఆమెకి నడుం నొప్పని.
పన్నెండింటి మీదా వేలిముద్రలు.
చిన్న వేళ్ళవి, పెద్ద వేళ్ళవి.

లింకు చెరపలేదు.
తెరవనూ లేదు.
జేబులో ఉంది,
అప్పుడప్పుడూ తడిమి చూసుకుంటున్నాను.