మూడున్నర

చాంద్రాయణగుట్ట సబ్‌స్టేషన్‌లో
నూటా అరవై టన్నుల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి.
దానికి కాపలా నలుగురు.
నలుగురికీ ఒళ్లు లేదు.

ఒకటి నూనె వాసన చూస్తుంది.
ఒకటి రాగిచుట్టల వేడి కొలుస్తుంది.
ఒకటి చెవి ఒగ్గి ఉంటుంది,
ఇనుప పెట్టెలో ఎక్కడ చిటుక్కుమన్నా రాసిపెడుతుంది.
నాలుగోది పెద్దమనిషి,
ముగ్గురి మాటా విని తీర్పు చెప్పాలి.

ముక్కు, జ్వరం, చెవి, పంచాయితీ.
పేర్లు మేం పెట్టుకున్నవే.
టెండరు కాగితాల్లో ఉన్నవి
నాకు నోరు తిరగవు.

తలో కంపెనీ, తలో ఏడు.
ముక్కు పీపీఎంలలో మాట్లాడుతుంది,
జ్వరం పరీక్షపేపర్లా వందకి మార్కులు వేస్తుంది,
చెవి అసలు మాట్లాడదు, బొమ్మలు పంపుతుంది.
మధ్యలో దుబాసీని నేను.
ఎనిమిది నెలలుగా
ఒకరి మాట ఇంకొకరి నోటికి అతికేలా
గీకుతూ, అరగదీస్తూ.
మీటింగులో "ఎంతవరకొచ్చింది?" అంటే
"మాట్లాడుకుంటున్నాయి సార్" అనేదాన్ని.
అబద్ధం కాదు.
వినడమే లేదు.

రంజాన్ మొదటి వారం.
ముక్కు అంది: నాలుగింటికి ఎసిటిలీన్, కొంచెమే.
చెవి అంది: పదింటికి చిటపట.
జ్వరం అంది: ఒళ్లు చల్లగానే ఉంది, నన్నడగొద్దు.
పంచాయితీ ముగ్గురినీ విడివిడిగా పిలిచి
విడివిడిగా వదిలేసింది.
తెర మీద పచ్చ.
వరసగా ఆరు రాత్రులు పచ్చ.

ఏడో రోజు ఖలీల్ మియా లాగ్‌బుక్ తిరగేశాను,
ఎవరిదో సంతకం కోసం, దీని కోసం కాదు.
ముప్పై ఒక్కేళ్ల నైట్ డ్యూటీ చేతిరాత,
ఉర్దూ వంపు తిరిగిన తెలుగు అక్షరాలు:
"3.30. ట్యాప్ పడ్డది. గొంతు బొంగురు."
ముందు పేజీలో అదే.
దాని ముందు పేజీలో అదే.

"మరి చెప్పలేదేం మియా?"
"రాసిన కదమ్మా. మీ మిషన్లు చదవయా?"

పది. మూడున్నర.
మధ్యలో ఐదున్నర గంటలు.
చెవి ఒక్కటే
గ్రీన్‌విచ్ గడియారం పెట్టుకుని కూచుంది ఇన్నాళ్లూ.
మా తెల్లవారుజాము
దానికి ఇంకా నిన్న రాత్రే.

ఒక్క లైను మార్చాను.
ముగ్గురి మాటలూ జరిగి జరిగి
వచ్చి ఒక్కచోట ఆగాయి,
సహరీకి బస్తీలు లేచే వేళ.
బార్కస్‌లో, బండ్లగూడలో, హఫీజ్‌బాబానగర్‌లో
ఒక్కసారే లైట్లు, నీళ్ల మోటార్లు, మిక్సీలు.
వోల్టేజీ కుంగుతుంది, ట్యాప్ మెట్టు మారుతుంది,
మారినప్పుడల్లా లోపల ఒక మెరుపు
ఉండాల్సినదానికన్నా
రవ్వంత ఎక్కువసేపు.

పంచాయితీ మొదటిసారి గొంతెత్తింది.
లోడు పక్కదాని మీద వేసి విప్పారు.
జంగయ్య అరచేతిలో కాంటాక్టు,
మాడిన మొక్కజొన్న కంకి ముక్కలా.
సీలు చిట్లి
ఈ నూనె ఆ నూనెలోకి కారుతోంది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎండ మొదలైంది.

ఖలీల్ మియా పేరుతో ఐదో ఖాతా తెరిచాను.
ఫారం అడిగింది: కొలత దేనిలో?
బొంగురుకి కొలత ఏంటా అని
ఇద్దరం చాలాసేపు ఆలోచించాం.
ఇఫ్తార్ అయ్యాక చాయ్ సాసర్‌లో పోసుకుంటూ
"చిన్న బొంగురు, పెద్ద బొంగురు. అంతే పెట్టున్రి" అన్నాడు.
పెట్టాను.
పంచాయితీ ఇంతవరకు
అభ్యంతరం చెప్పలేదు.