ఒక అక్షరం

మొదటి నోటుబుక్కు అసలు నాది కాదు,
చేపల సహకార సంఘానిది.
ఎడమ గడిలో చేప పేరు, కుడి గడిలో కిలోలు.
నాన్న తెచ్చిచ్చిన నాటికి నాకు ఎనిమిదేళ్లు.
గీతలు దాటితే తప్పేమోనని
ఎడమవైపు రోజు పేరు రాశాను,
కుడివైపు ఆ రోజు బరువు.

సోమవారం, రెండు కిలోలు.
మంగళవారం పన్ను ఊడింది, అర కిలో తరుగు.

మా హీయుమా దీవిలో అప్పట్లో
చీకటి పడ్డాక ఒడ్డుకు పోకూడదు.
సరిహద్దు సైనికులు ఇసుకని దువ్వి వెళ్లేవాళ్లు,
పొద్దున్నే వచ్చి అడుగులు చదువుకోడానికి.
అందుకేనేమో
గుర్తు పడ్డ ప్రతిదాన్నీ ఎవరో చదువుతారని
నాకు చిన్నప్పుడే తెలుసు.
పుస్తకాన్ని కట్టెల వెనక దాచాను,
ఉప్పు జాడీ వెనక దాచాను,
ఒక చలికాలమంతా తమ్ముడి పాత బూటులో.

పదమూడో ఏట గడులు మానేశాను.
పదిహేడో ఏట కవిత్వం పట్టుకుంది, దేవుడు క్షమించాలి,
నలభై పేజీల నిండా తీయు వాళ్లన్న మెడ.
పంతొమ్మిదిలో జెండా మారి, డబ్బు మారి
ఊరంతా బ్యాంకు ముందు నిలబడితే
నేను రాసింది ఇంతే:
కొత్త నోట్లతో ఒక జత మేజోళ్లు. బిగుతు.
పెళ్లి ముందురోజు ఖాళీ.
విడాకుల నాడు రొట్టె ధర.

ఇప్పుడు యాభై ఒకటి.
ముప్పై ఏడు పుస్తకాలు ఆపిల్ పెట్టెల్లో.
తడి పట్టాయని మొన్న పొయ్యి దగ్గర ఆరబెడుతుంటే
నాలుగో దాంట్లో
పదకొండేళ్ల నేను పాళీ విరిగేంత ఒత్తి రాసిన వాక్యం:
అమ్మంటే నాకు అసయ్యం.

ఆ మాట నెత్తిన, పెన్సిలుతో,
ఊదితే పోయేంత సన్నగా: హ్య.

ఆ రాత నాకు తెలుసు.
రోజంతా స్ప్రాట్ చేపల తలలు తెంచి
డబ్బాల్లో పేర్చిన చెయ్యి అది.
పేజీ మడతలో ఎండిన పొలుసు,
దీపానికి పెడితే ఇంకా మెరుస్తోంది.

కోప్పడలేదు. ఏడ్చిందో లేదో
ముప్పై ఏడింటిలో ఎక్కడా లేదు.
మర్నాటి పేజీలో మాత్రం నా గుండ్రటి అక్షరాలు:
రాత్రి పాన్‌కేకులు. నాకు రెండెక్కువ. ఎందుకో.

అమ్మ, హెల్మి, గురువారాలు బస్సులో వస్తుంది.
కాఫీ చల్లారేదాకా
పత్రికలో అచ్చుతప్పులు దిద్దుతుంది,
ఎవరికీ పంపదు.

ఇవాళ గురువారం.
పదకొండో ఏటి మాటకి ఎదురుమాట ఒకటి రాసి
అందులో ఒక అక్షరం తప్పు పెట్టాను.
పుస్తకం వంటింటి బల్ల మీద తెరిచే ఉంది.
పెన్సిల్ పక్కన ఉంచాలా,
తన సంచిలో తనకి ఉంటుందా,
చెక్కాను, సొరుగులో వేశాను, మళ్లీ తీశాను.
మలుపు దగ్గర బస్సు
గేరు మార్చిన చప్పుడు.