కింది గేరు

చెయ్యి పైకి లేవడం లేదురా, గేరునే కిందకి దించు,
అంది వరహాలు నర్సమ్మ,
గుణుపురం రైలుగేటు పక్క నా షెడ్డు ముందు
డెబ్బైరెండు మోడలు అంబాసిడర్ని నిలబెట్టి,
ఇంజను ఆపకుండా.

స్టీరింగు మెడకి అతుక్కున్న గేరుకర్ర అది.
భుజం పట్టేసినవాళ్ళకి
దాన్ని రివర్సులో వెయ్యడమంటే
అటక మీద డబ్బా అందుకోవడమే.

విజయనగరం పాతసామాన్లలో ఇసుజు గేరుబాక్సు దొరికింది.
బేరం రెండు టీలు, మూడు తిట్లు.
దానికీ పాత ఇంజనుకీ చుట్టరికం లేదు;
మధ్యన ఇనపపలక ఒకటి లేతు మీద తిప్పించి
సంబంధం కలిపేను.
వెనక షాఫ్టు రెండంగుళాలు ఎక్కువైంది, కోయించేను.
క్లచ్చి ప్లేటు కోసం జోగినాథాన్ని
పార్వతీపురం బస్సెక్కించేను.
ఇవన్నీ లెక్కలు. తేలుతాయి.

తేలనిది ముందు సీటు.
ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకటే పరుపు,
గోధుమరంగు రెక్సిను,
నడిమధ్యన మాత్రం పలచబడి, నూలు తేలి,
ఒక మనిషి కూర్చున్నంత మేర.
సరిగ్గా ఆ మేరలోంచే లేవాలి కొత్త గేరు.

"కొయ్యమంటారా?" అనడిగేను.
"గేరు గాల్లో నిలబడదు కదా," అంది.

ఆ చోటు ఎవరిదో నాకు తెలుసు.
బజారంతటికీ తెలుసు.
భుజం పట్టేసిన తొలి యేడాదే
సుబాసి గమాంగో మధ్యకి జరిగి కూర్చుంది,
మోకాళ్ళు రెండూ కిటికీ వైపు తిప్పి,
ఒళ్ళో స్లైడ్ల పెట్టె.
క్లచ్చి మీద నర్సమ్మ కాలు, గేరు మీద సుబాసి చెయ్యి.
ఈవిడ "రెండు" అనేది,
ఆవిడ "దుయి" అని లాగేది.
"మూడు." "తీని."
పుట్టాసింగి ఘాటీ అలా ఎక్కేవారు, నాలుగేళ్ళు.
ఏ మలుపులోనూ గేరు పళ్ళు కొరకలేదు.
నేనూ మా తమ్ముడూ ఒక్క చక్రం విప్పలేం
గొడవ పడకుండా.

కొండమీద ఇంటింటి రక్తపు చుక్కా
గాజుపలక మీద పూసినావిడ
పోయిన కార్తీకంలో తన చుక్క పూయించుకోలేదు.
జ్వరం మూడోరోజుకే.
అంతకన్నా నర్సమ్మ చెప్పలేదు, నేనడగలేదు.

గ్యాసు కటింగుతో నేల తెరిచేను.
చాప కింద చింతపిక్కలు,
అల్యూమినియం అయిదుపైసలు, దూది ఉండ,
వెదురు దువ్వెన, సగం.
జోగినాథం ఊడ్చెయ్యబోతే ఆపి
గ్రీజుడబ్బా మూతలో పోసి పక్కన పెట్టేను.
రెక్సిను కోస్తుంటే కత్తెర అడ్డం తిరిగింది.
మొద్దుబారిన కత్తెర, అంతే, ఇంకేం లేదు.

కొత్త గేరు చుట్టూ పెట్టె కావాలి.
కొత్తసాయి వడ్రంగి పూర్ణచంద్రుడు
మద్దిచెక్కతో చేసేడు, మూతా కీలూ పెట్టి.
టీగ్లాసుకి గుంట తియ్యమంటారా అన్నాడు.
నర్సమ్మ వద్దంది, లోపల పొడవెంతని అడిగింది.
ఎందుకో తెలీలేదు,
స్లైడ్ల పెట్టె తెచ్చి అందులో దించేదాకా.
వేలెడంత వదులొచ్చి అటూ ఇటూ కదిలింది.
దూది కుక్కేం.

ట్రయలుకి ఘాటీకే పోదాం అంది.
ఎడమవైపు నేను. ఇప్పుడది విడి సీటు.
మొదటి గేరు వెన్నలో వేలులా దిగింది.
చెయ్యి తొడ పక్కనే, భుజానికి పనే లేదు.
బాగుందిరా, అంది,
మిగతా డబ్బులు పింఛను పడ్డాక, అని కూడా అంది.

మొదటి మలుపులో బండి బరువెక్కింది.
క్లచ్చి తొక్కి, కళ్ళు రోడ్డు మీంచి తియ్యకుండా
"రెండు" అంది.

ఇంజను ఊరికే తిరిగింది.
బండి జానెడు వెనక్కి జారింది.
నా చెయ్యి లేచింది, లేచి
మళ్ళీ నా ఒళ్ళోనే పడుకుంది.

అప్పుడు ఆవిడే దించుకుంది చెయ్యి,
చెక్కపెట్టె మూతని రాసుకుంటూ, నెమ్మదిగా,
నోట్లో నోట్లోనే "దుయి" అనుకుంటూ.

కొంచెం పళ్ళు కొరికింది గేరు.
కొత్తది కదా, అన్నాన్నేను.