ఆకుపచ్చ వైరు ఎటు పోయింది

మంచిరేవుల. విల్లా నంబరు ముప్పై ఏడు.
ఎవ్వరూ దిగని నీళ్లు నీలంగా ఊకెనే ఉన్నయి.
గోడకు ఆనించి ఆరు బస్తాల ఉప్పు,
పక్కన అట్టడబ్బాల నేను బిగించాల్సిన మిషను.
ఉప్పునీళ్లు దాంట్లకెళ్లి పోతే
క్లోరిన్ పుడ్తదట. కండ్లు మండవట.

"రెండు వైర్లే కద ఎల్లేష్" అన్నది నీరజ మేడం.
"అత్తయ్యకు మోకాళ్లు. రేపట్నుంచి
నీళ్లల్లో నడవమన్నాడు డాక్టరు."

రెండు వైర్లే.
మూడోదాని సంగతి ఎవ్వరడగరు.

ముందుగాల మెయిను దించిన.
తాళమేసి చెవి జేబులేసుకున్న.
నమ్మకం లేక కాదు.
లోపట ఎవరికో మిక్సీ యాదికొస్తది,
వచ్చి పైకి లేపుతరు, మంచి మనసుతోటే.

టెస్టరు పెట్టిన. వెలగలే.
మళ్లొక్కసారి చేతి వెనక పక్కతోటి తాకిన,
పసిదానికి జ్వరం చూసినట్టు.
జహంగీర్ ఉస్తాద్ నేర్పిండు:
అరచెయ్యి పెడితే కరెంటు పిడికిలి మూస్తది, ఇడవనియ్యది.
వెనక పక్క పెడితే నిన్ను నీ దిక్కే నూకుతది.
ఆయన చూపుడువేలికి ఇప్పటికీ చాయ్ వేడి తెల్వదు.
ఎట్లయిందో చెప్పడు.

పాత పెట్టె విప్పిన. తుప్పు. ఎండిన బల్లి.
ఎర్రది ఉంది, నల్లది ఉంది,
ఆకుపచ్చది కూడ ఉంది, జానెడు.
కొసకు టేపు చుట్టి, మర్యాదగ మడిచి
గోడల దోపిండు ఎవడో.
చూసేటోళ్లకు ఉన్నట్టే.
భూమికే తెల్వదు.

గొడుగు కింద కుర్చీల పెద్దమ్మ, హైమావతి,
పల్లీలు ఒలుస్తున్నదల్లా అద్దాలు పైకెత్తింది.
"ఆకుపచ్చ వైరు ఎటు పోయింది నాయనా?"

నేను పనాపిన.

"ఈసీఐఎల్‌లో ఇరవై రెండేళ్లు
టీవీ బోర్డులకు టంకం పెట్టాను" అన్నది,
ఇంకో పల్లీకాయ చిదిమి.

అజ్గర్ గుంత తవ్వబట్టిండు.
మూడడుగులకే బండ. హైదరాబాద్ కద.
గడ్డపార మోగింది, మేడం మొహం మాడింది.
మిషను తెచ్చి బెజ్జం పెట్టేసరికి తెల్లారి మధ్యాహ్నం.
రాగి కడ్డీ దించినం, చుట్టూ బొగ్గు,
ఉప్పు కావాల్నంటే
పెద్దమ్మే లేచి బస్తా కుట్టు విప్పింది.
నీళ్లకని తెచ్చిన ఉప్పు
ముందుగాల మట్టి తిన్నది.

నిచ్చెన, రైలింగు, పంపు ఒళ్లు, కాంక్రీటుల ఇనుము:
అన్నిటిని ఒక్క రాగితీగకు కట్టిన.
తేడా ఉన్నకాడనే కరెంటు నడుస్తది.
తేడా లేకుంట చేసుడే నా పని.

మిషను పెట్టె నీళ్లకు దూరంగ, నీడల.
దాని కరెంటు పంపు టైమరు కాడికెళ్లే ఇచ్చిన,
పంపు పండితే ఇదీ పండాలె.
నీళ్లు కదలకుంట ఇదొక్కటే మేల్కొని ఉంటే
పైపుల గ్యాసు నిండి పగుల్తది.
"ఒంటరిగ మేల్కొంటే ఎవరికైనా అంతే"
అన్నది పెద్దమ్మ. మేడం ఫోన్ చూసుకుంటున్నది.

ఆఖరికి టెస్టు బటను నొక్కిన.
టప్పుమని పడ్డది.
"అయ్యో, పాడయిందా?"
"లే మేడం. పడతందుకే పెట్టింది.
ఎన్నడన్న అదే పడితే
బలవంతంగ లేపకుండ్రి. నన్ను పిలువుండ్రి."

మూడోనాడు పైసలకు పోయిన.
పెద్దమ్మ అప్పుడే దిగుతున్నది,
పాత కాటన్ చీర మోకాళ్ల పైకి దోపి,
ఒక్కొక్క మెట్టు తిట్టుకుంట.
మేడం చెయ్యి అందిస్తే వద్దన్నది.
స్టీలు రైలింగు పట్టుకునే ముందు
చేతి వెనక పక్కతోటి
ఊకెనే ఒకపారి తాకింది.

నా దిక్కు చూడలే.
నేను పైసలు లెక్కవెట్టుకుంటున్నట్టు నిలవడ్డ.