పదిహేడు రోజులు

మూడేళ్ళ గడువుకి ఇంకా పదిహేడు రోజులున్నాయని
భీమవరం షోరూం నుంచి లిఖిత ఫోను చేసింది.
ఇప్పుడైతే రెండేళ్ళకి ఇరవై ఒక్క వేల నాలుగొందలు.
గడువు దాటాక బండి చూసి, ఒప్పుకుంటే, ముప్ఫై పైన.
"ఒప్పుకుంటే" దగ్గర ఆమె గొంతు కాస్త తగ్గింది.
నేర్పించినట్టున్నారు.

అప్పుడు నేను మొగల్తూరు అవతల
మోకాలి లోతు చెరువులో సీసా ముంచుతున్నాను.
గట్టు మీద గొడుగు కింద పేరిచర్ల రంగరాజు గారు
రోజూ అడిగే మాటే అడిగారు:
"ఏమంటారు, పట్టేద్దామా, ఇంకో పది రోజులు చూద్దామా?"
ఇవాళ పడితే అరవై కౌంటు.
ఆగితే యాభై, కిలోకి ముప్ఫై రూపాయలెక్కువ.
ఈలోగా తెల్లమచ్చ దిగిందా,
కౌంటూ లేదు కిలో లేదు, గట్టు నిండా కాకులు.
నేను అంకెలు చెబుతాను. హామీ ఇవ్వను.
పదకొండేళ్ళుగా ఆ రెండు ముక్కల మీదే నా కూడు.

పాలకొల్లు మస్తాను బానెట్టెత్తి
డాక్టరులా చెవి ఒగ్గి విన్నాడు.
"ఈ ఇంజను నాకంటే ఎక్కువ కాలం ఉంటదండి.
ఆ డబ్బు పోస్టాఫీసులో పడెయ్యండి."
వారంటీ లేని బండి తిన్నగా తన షెడ్డుకే వస్తుందని
వీరవాసరం దాటాక గానీ తట్టలేదు.

కనకవల్లి చేప ముల్లు తీస్తూ అంది:
"మంచి చెరువుకి కూడా మీరు పరీక్ష చేసి
ఏమీ లేదని కాగితమిచ్చి
ఎనిమిదొందలు పుచ్చుకోరా?"
ముల్లు తీసింది తన ముక్కలోదే.
నా గొంతులో దిగింది.

కాగితాలు చదివాను, కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు.
గేరుబాక్సు వర్తిస్తుంది. ఏసీ కంప్రెసరు వర్తిస్తుంది.
రబ్బరు వర్తించదు. బ్యాటరీ వర్తించదు.
వరద నీరు వర్తించదు.
తుప్పు వర్తించదు.
నవ్వొచ్చింది.
మా నేల మీద బండికొచ్చే జబ్బులు రెండే,
పైనుంచి దిగే గోదారి,
కిందనుంచి ఎక్కే సముద్రం.
రెంటినీ ఏడో పేజీలో గుమ్మం బయట నిలబెట్టారు.

తొమ్మిది రోజులు.
ఆరు.
రంగరాజు గారూ ఇంకా పట్టలేదు.

నాలుగో రోజు మిగిలుందనగా అర్ధరాత్రి ఫోను.
రొయ్య నీటి పైకి తేలుతోందట.
వాన. పేరుపాలెం రోడ్డు మీద నా లైట్లు తప్ప ఏమీ లేవు.
వెనక టక్‌మంది.
కొంత దూరం పోయాక
మళ్ళీ టక్.
ఆ రెండు చప్పుళ్ళ మధ్యలో
గేరుబాక్సు విప్పారు, బిల్లు రాశారు,
అరవై వేలకి నేను అప్పు కూడా అడిగేశాను,
మా బావమరిదిని, వాడు నిద్రలో ఉండగా.
ఇంజను ఆపి దిగాను. కప్పలు.
డిక్కీ తెరిస్తే స్టాండులోంచి జారిన సీసా.
నిలబెట్టి, మూసి, వెళ్ళాను.

చెరువు దగ్గర తెగింది ఏరేటరు బెల్టు, అంతే.
బిగించారు. అయినా ఆయన కళ్ళల్లో నిద్ర తిరిగి రాలేదు.
తెల్లారేసరికి వలలు దించేశారు.
యాభై రెండు కౌంటు.
"చాల్లెండి" అన్నారు, నాతో కాదు.

బురద ప్యాంటుతోనే షోరూంకి పోయాను.
ఒక్క ఏడాదికి రాయమన్నాను. పన్నెండు వేలు.
"రెండేళ్ళయితే లాభం సార్" అంది లిఖిత.
"వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూద్దామమ్మా."
టక్‌మన్నప్పటి నుంచి డిక్కీ తెరిచేదాకా
వానలో నేను నడిచిన నాలుగడుగులకి
అడుగుకి మూడు వేలు.
ఖరీదే.

బయటికొచ్చి డిక్కీ తీశాను.
రాత్రి నిలబెట్టిన సీసాకి మూత లేదు.
చెరువు ఉప్పునీరంతా కార్పెట్టు కిందికి ఇంకిపోయింది,
రేకులోకి, ఏడో పేజీలోకి.
పాత తువ్వాలు తీసి వంగి ఒత్తుతుంటే
అద్దం వెనక నుంచి లిఖిత చెయ్యూపింది.
తడి తువ్వాలుతోనే
నేనూ ఊపాను.