విదేశీ నాణెం, ఒకటి

శనివారం ఏడింటికి
బాలరాట్ చలి చెవులు కొరుకుతుంటే
హార్డ్‌వేర్ దుకాణం పార్కింగులో
మా ఆయన ఏప్రన్ కట్టుకున్నాడు.
పుట్టి బుద్ధెరిగి గుడ్డయినా ముట్టనివాడు
పటకారుతో సాసేజీలు దొర్లిస్తున్నాడు,
అప్పడాలు కాల్చినంత శ్రద్ధగా.
ఆస్పత్రిలో పసిపిల్లల వార్డుకి
ఇంకొక వెచ్చటి పెట్టె కావాలట.

ఉల్లిపాయలు నావి. ఇరవై కిలోలు.
పెళ్ళివంటకి తరిగినట్టు తరుగుతుంటే
కమిటీ లెక్కలు చూసే లొరైన్
"మరీ ఇంత సన్నగానా" అని నవ్వింది.
ఉల్లి కింద, సాసేజీ పైన ఉండాలట.
పైనుంచి జారిన ముక్క తొక్కి
ఎవరో, ఎప్పుడో, ఎక్కడో పడ్డారట.
ప్రతి ఊరికీ ఒక మడి.

డబ్బుల డబ్బా దగ్గర అత్తగారు,
నేతచీర మీద కొడుకు పాత ఫుట్‌బాల్ కోటు.
ఆవిడకొచ్చిన ఇంగ్లీషు రెండే ముక్కలు,
టూ ఫిఫ్టీ, థాంక్యూ.
ఆ రెండింటితోనే మధ్యాహ్నానికల్లా
క్యూలో సగం మందికి చుట్టమైపోయింది.
ఐదు డాలర్లిచ్చి చిల్లరొద్దన్న ట్రక్కు డ్రైవర్ని
చెయ్యి పట్టుకుని ఆపి
రెండో రొట్టె అందేదాకా కదలనివ్వలేదు.

ఏడేళ్ళ మా రుషభుడు
లాటరీ టిక్కెట్ల కట్ట పట్టుకుని
అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ
"నేను తొమ్మిదివందల గ్రాములే పుట్టాను" అని చెబుతున్నాడు,
పరుగుపందెంలో ఫస్టొచ్చినంత గొప్పగా.
ఒకావిడ పర్సు మూసేసి
మళ్ళీ తెరిచింది.

తొమ్మిదివందల గ్రాములు.
రాత్రి వంటింటి కాటా మీద
ఉల్లిపాయలు సంచులకి పంచుతుంటే
ఒకసారి ముల్లు సరిగ్గా అక్కడే ఆగింది.
ఇంతే.
ఇంతే ఉన్నాడు.
పొద్దున ముక్కు ఎగబీల్చుకుంటూ తరిగాను.
ఉల్లి తరిగేవాళ్ళని
ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు.

ఆదివారం సరస్సు చుట్టూ నడక.
ఆరు కిలోమీటర్లు, నల్లహంసలు, ఎదురుగాలి.
కిలోమీటరుకింత అని
ఇరుగుపొరుగు సంతకాలు పెట్టిన కాగితం.
వాడు నాలుగు నడిచాడు,
మిగతా రెండూ వాళ్ళ నాన్న భుజాల మీద.
అవి లెక్కలోకొస్తాయా రావా అని
ఇంటిదాకా తగువు.
"మోసినవాడు నడిచాడుగా" అని
వెనక సీట్లోంచి అత్తగారి తీర్పు.

సాయంత్రం మా భోజనాల బల్ల మీద
డబ్బా బోర్లించాం.
ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన లొరైన్
పదేసి నాణేల దొంతర్లు పేరుస్తుంటే
ఇల్లంతా, మా జుట్టంతా ఇంకా ఉల్లివాసనే.
రెండు రోజులదీ కలిపి
రెండువేల మూడువందల నలభై.
దొంతర్ల పక్కన ఒకటి మిగిలింది.
మూడు సింహాల రూపాయి.
బ్యాంకు పుచ్చుకోదు,
ఏ దొంతరలోనూ ఇమడదు.

ఎవరు వేశారిది?

సింకు దగ్గర్నుంచి తల తిప్పకుండానే
"ఇచ్చే డబ్బు సున్నాతో ఆగకూడదే" అంది అత్తగారు.
నూటపదహార్ల సంగతి లొరైన్‌కి చెప్పడానికి
మా ఆయన పది నిమిషాలు తంటాలు పడ్డాడు.
ఆవిడ బుద్ధిగా తలూపి
నాణెం దీపం కిందకి పట్టి
అంచున పచ్చటి మరక గోటితో గీకి
"తుప్పా?" అనడిగింది.

పసుపు.

అద్దాల పెట్టెలో వాడున్న
డెబ్బయ్యొక్క రాత్రుల్లో ఏదో ఒక రాత్రి
వార్డు బయట ప్లాస్టిక్ కుర్చీలో
ఆవిడ చెంగు అంచు చింపి, పసుపద్ది
ఒక రూపాయి ముడి వేసింది.
ఏ కొండకని నేనడగలేదు.
నాకప్పుడు మాటల్లేవు.

ఇప్పుడు ఆవిడకేసి చూశాను.
తోమిన గిన్నెనే
మళ్ళీ తోముతోంది.

లొరైన్ మొత్తం కింద గీత గీసింది.
కాసేపు పెన్ను కొరికింది.
తర్వాత గీత కింద,
పిల్లలకి దిద్దబెట్టే గుండ్రటి అక్షరాల్లో రాసింది,
విదేశీ నాణెం, ఒకటి.