ఎర్ర చుక్క

మొదట నోరు మూసుకుని చూడాలి.
పిస్తోలు మింగలేకపోతోందా,
మింగింది ఉమ్మలేకపోతోందా?
రెండూ ఒకే రోగం కాదు రవణా.
మాత్ర గొంతుకి అడ్డం పడినవాడికీ
వాంతి రానివాడికీ ఒకే మందు ఇస్తామా?

స్టోన్‌హౌస్‌పేటలో ఇరవై రెండేళ్లు
కుట్టుమిషన్లు విప్పి బిగించినవాణ్ణి.
దారం తెగితే దారాన్ని తిట్టకూడదు,
దారం నడిచే దారి చూడాలి.
ఇక్కడా అంతే అనుకున్నా.

నువ్వు కోవూరు నించి పెన్న బ్రిడ్జి మీద
సైకిలు తొక్కుకుంటూ వచ్చేసరికి ఏడు.
ఎనిమిదికల్లా రేంజి రేకులు పెనం.
రోహిణి కార్తె కదా,
తూటాకి పూసిన మైనం కరిగి
మసితో కలిసి ఛాంబరులో
తాటిబెల్లం పాకం కట్టింది.
అదే రోగమన్నా.
గుడ్డపీలిక దూర్చి లాగితే
నా బొటనవేలు వారం దాకా నల్లగానే ఉంది.

నాలుగు సిరీస్‌లు సుబ్బరంగా తిన్నది.
ఐదో దాంట్లో, మూడో తూటా.
ఖాళీ గుల్ల స్లైడుకి చిక్కి
నిటారుగా నిలబడింది
ఇటుకబట్టీ పొగగొట్టంలా.

కొక్కెం అరిగిందన్నా.
ట్వెంటీటూ తూటాకి ప్రాణమంతా అంచులోనే.
సుత్తి కొట్టేదీ ఆ అంచునే,
కొక్కెం పట్టి లాగేదీ ఆ అంచునే.
భూతద్దం పెట్టి కొత్త కొక్కెం వేశా.
పనిలో పనిగా స్ప్రింగు మార్చా,
తూటాల పెట్టె కూడా మార్చా.
ఒక్కసారికి ఒక్కటే మార్చాలని
గోడమీద రాసింది నేనే,
ఒక్కరోజున మూడు మార్చిందీ నేనే.

మళ్లీ మూడో తూటా.

అప్పుడు నీ చేతిమీద పడ్డా.
స్లైడు వెనక్కి తన్నాలంటే
ఆనుకోవడానికి గట్టి మణికట్టు కావాలి,
మణికట్టు మెత్తనైతే
దాని పరుగు సగం నీలోనే ఇంకిపోద్ది.
ఇది అబద్ధం కాదు.
నీ విషయంలో మాత్రం నిజం కాదు.

మూడు వారాలు
నీళ్ల బిందె చెయ్యి చాచి పట్టుకోమన్నా.
పట్టుకున్నావు.
రొయ్యల ఫ్యాక్టరీలో మీ అమ్మ చేతుల్లా
నీ చేతులూ నొప్పి అనే మాట ఎరగవు.
స్కోరు పుస్తకంలో పెన్సిలుతో
'తప్పు: మణికట్టు' అని రాసుకున్నావు.

ఆదివారం ఎవరూ లేరు.
బల్లమీద నువ్వు మరిచిపోయిన గోళ్లరంగు సీసా.
అచ్చుగుద్దినట్టున్న రెండు మ్యాగజైన్లలో
ఒకదానికి ఎర్ర చుక్క పెట్టా.
దీంతో యాభై, దాంతో యాభై కాల్చా.
చుక్క లేనిది ఒక్కటీ వదలకుండా మింగి ఉమ్మింది.
చుక్క ఉన్నది ఏడుసార్లు పొగగొట్టం లేపింది.
వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే
ఎడమ పెదవి
వెంట్రుకవాసి బయటికి.

పై తూటా ముందే తలెత్తుతోంది,
బయటికి పోయే గుల్లకి ఎదురొస్తోంది.
ఆత్మకూరు బస్సు తలుపు దగ్గర
దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ గుద్దుకున్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది.
కాదులే,
మర్చిపోతే కదా గుర్తు రావడానికి.
ఉగాదికి ముందు, స్టోరుగదిలో,
ఒక చేతిలో టీ గ్లాసు,
రెండో చేతిలోంచి జారి
గచ్చుమీద టంగుమంది.
తీసి చొక్కాకి తుడిచి పెట్టెలో పెట్టేశా.
చూడలేదు.
చూస్తే కనపడుద్దని.

పట్టకారుతో పెదవి దగ్గరికి నొక్కా.
ఇరవై సార్లు బాగుంది,
ఇరవయ్యొకటోది ఇరుక్కుంది.
వంగిన రేకుకి వంగడం అలవాటైపోద్ది.
కొత్తదానికి పుణెకి రాశా, డబ్బులు నావే.

ఎదురుగా చెప్పే మొహం లేక
ఈ కాగితం నీ పిస్తోలు పెట్టెలో పెడుతున్నా.
పుస్తకంలో 'మణికట్టు' మీద గీత కొట్టి
పక్కన నా పేరు రాశా,
ఇంటిపేరుతో సహా.

ఆ ఇత్తడి బిందె మా ఇంటిది.
రేపు వచ్చేటప్పుడు తీసుకురా,
మా ఆవిడ రోజూ అడుగుతోంది.